బట్టమేకపిట్టను చూడటానికి జైసల్మేరు దాకా

"ఎడారిలో చూడటానికి ఏముంటుందండీ, ఇసుక తప్ప?"

జైసల్మేరుకు టిక్కెట్లు తీసుకున్నానని చెప్పగానే మా ఆఫీసులో ఒక మిత్రుడు వేసిన ప్రశ్న ఇది. ఆయన్ని తప్పుపట్టలేను. మన భాషలోనే ఆ మాటకు అటువంటి అర్థం స్థిరపడింది. ఏమీ మిగలని బతుకును ఎడారి అంటాం, ఎవరూ లేని ఇంటిని ఎడారి అంటాం. నేను మాత్రం ఒక పక్షిని చూడటానికి వెళ్ళాను. ఆ పక్షి ఒకప్పుడు మా జేజినాయన పొలంలో తిరిగేది. ఆయన మనవడు దాన్ని చూడాలంటే రెండు రైళ్ళు మారి థార్ ఎడారి దాకా పోవలసివచ్చింది. ఈ టపాకు మూలం ఆ విడ్డూరమే.

ఆ పక్షి పేరు బట్టమేకపిట్ట. ఆంగ్లంలో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, రాజస్థానంలో గోడావణ్. నిలబడితే దాదాపు మీటరు ఎత్తు. మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగిన పక్షులలో ఇంత బరువైనవి లోకంలో చాలా తక్కువ. మా జేజినాయనది నందికొట్కూరు తాలూకా. ఆయన జొన్నచేలలో, కొర్రచేలలో దీన్ని ఎన్నోసార్లు చూశారట. "అది మనిషిని జూసి పరిగెత్తదురా, తల పైకెత్తుకోని నడుచుకుంటా పోతాది" అనేవారు. చిన్నప్పుడు ఆ మాట విని నవ్వుకునేవాణ్ణి. పిట్ట అన్నాక ఎగరాలి గానీ నడవడమేమిటని.

ప్రయాణం జోధ్‌పూర్ నుంచి మొదలు. అక్కడ ఒక జీపు మాట్లాడుకున్నాను. డ్రైవరు జైసల్మేరు వైపు పల్లెవాడే. మాటకు ముందొకసారి, వెనకొకసారి "హుకుం" అని గౌరవంగా పలుకుతూ, దారిలో కనబడిన ప్రతి చెట్టుకూ పేరు చెబుతూ తీసుకెళ్ళాడు. చిత్రమేమిటంటే ఆ చెట్లలో సగం మనకు తెలిసినవే. ఆయన ఆక్ అని చూపించింది మన జిల్లేడు. బేర్ అన్నది రేగు. ఇక వాళ్ళు ప్రాణప్రదంగా చూసుకునే ఖేజ్డీ మరేదో కాదు, మన జమ్మిచెట్టు! దసరానాడు మనం ప్రదక్షిణం చేసే జమ్మి, 2014 నుంచి తెలంగాణ రాష్ట్రవృక్షమైన జమ్మి, రాజస్థాన్‌కు కూడా రాష్ట్రవృక్షమే. మనకది ఏడాదికొక్కనాటి పూజ. వాళ్ళకు మాత్రం పశువుల మేత, పొయ్యిలో కట్టె, సాంగ్రీ అనే కాయల కూర, మిట్టమధ్యాహ్నం నీడ. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు భవన నిర్మాణానికని ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను నరకబోతే అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకుని అడ్డుపడింది. ఆమెతో కలిపి 363 మంది ప్రాణాలిచ్చారని చెబుతారు. కొమ్మలు నరికించుకుని మొండిచేతులతో నిలబడ్డ జమ్మిచెట్లు దారి పొడుగునా కనిపిస్తుంటే, ఎడారికి వెళుతున్నానన్న భావం చాలాసేపటి దాకా కలగలేదు. ఏదో అనంతపురం జిల్లాలో పోతున్నట్టే ఉంది.

ఫలోదీ దగ్గర ఖీచన్ అనే ఊరుంది. పొద్దున్నే అక్కడికి చేరాం. శీతాకాలంలో మధ్య ఆసియా నుంచి, మంగోలియా నుంచి హిమాలయాలు దాటి వచ్చే కుర్జా పక్షులు అక్కడ వేలల్లో దిగుతాయి. మన సారస పక్షుల కుటుంబమే, ఆకారంలో చిన్నవి. బూడిదరంగు ఒళ్ళు, కళ్ళ వెనక నుంచి వేలాడే తెల్లని ఈకల కుచ్చు. ఊరివాళ్ళు ఒక ఆవరణకు కంచె కట్టి అందులో రోజూ గింజలు చల్లుతారు. కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న ఆచారమిది. పక్కింటి డాబామీద నిలబడి చూస్తుంటే ఆకాశంలో ముందు ఒక గీత, తరవాత పది గీతలు, ఆపైన లెక్కతెలియని రొద. వాటి మధ్య ఒక ముసలాయన గింజల బస్తా మోసుకుని తన పనేదో తాను చేసుకుంటున్నాడు. పక్షులూ ఆయన్ని పట్టించుకోలేదు, ఆయనా పక్షుల్ని పట్టించుకోలేదు. 2025 జూన్‌లో ఖీచన్‌ను రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. ఎడారిలో చిత్తడినేల ఏమిటని మా ఆఫీసు మిత్రుడు మళ్ళీ అడుగుతాడు కాబోలు.

ఫలోదీ దాటాక దృశ్యం మారింది. మారింది ఇసుక కాదు, ఆకాశం. ఎటు చూసినా తీగెలు. ఉక్కు స్తంభాల వరసలు ఒకదానివెంట ఒకటి, ఒకదాన్నొకటి కోసుకుంటూ, కంటిచూపు ఆనినంత దూరం. ఆ చుట్టుపక్కలే భడ్లా సౌరవిద్యుత్ పార్కు ఉంది. సుమారు 14,000 ఎకరాలలో 2,245 మెగావాట్లు ఉత్పత్తి చేసే, ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటైన పార్కు. పడమరకు పోయేకొద్దీ గాలిమరలు. ఒకచోట జీపు ఆపించి దిగాను. తీగెల కింద, రోడ్డుకు ఇరవై అడుగుల దూరంలో ఒక రాబందు చచ్చిపడి ఉంది. ఒక రెక్క విచ్చుకుని ఉంది, రెండోది విరిగి ఒంటికింద మడిగింది. దాని బొమ్మ తీయబోయి మానుకున్నాను. "ఇది మాకు రోజూ కనిపించేదే, హుకుం" అన్నాడు డ్రైవరు. ఆ గొంతులో విసుగు లేదు, బాధా లేదు. ధర పలికినట్టు చెప్పాడు.

జైసల్మేరు కోట గురించి, సమ్ దగ్గర ఒంటె సవారీల గురించి, రాత్రిళ్ళు గుడారాల్లో మోగే డప్పుల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను రాయను. ఇసుక తిన్నెలు చూసి ఎడారి చూశామనుకుని జనం వెనుదిరిగే చోట నుంచి నా ప్రయాణం మొదలైంది. జైసల్మేరు, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఎడారి జాతీయోద్యానంలో తిన్నెలు కొంత భాగమే. తక్కినదంతా రాతినేల, గులకరాళ్ళ బయలు, సేవణ్ గడ్డి. ఈ సేవణ్ గడ్డి సంగతి చెప్పుకోవాలి. కుదురు కుదురుగా, మోకాలెత్తున పెరుగుతుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్లైనా పడని వానను పట్టుకుని ఏళ్ళ తరబడి బతుకుతుంది. థార్‌పార్కర్ ఆవులు దాన్ని తిని పాలిస్తాయి. గోడావణ్ దాని చాటున గుడ్డు పెడుతుంది. అల్లంత దూరాన్నుంచి చూస్తే ఎండిపోయిన బీడులా కనిపిస్తుంది గానీ, దిగి పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే బయటికొస్తాయి.

ముందు కనిపించింది సాండా. ముళ్ళ తోక ఉన్న బల్లి. మన ఉడుముకు దూరపు చుట్టంలా ఉంటుంది కానీ ఆకూ అలమూ తిని బతికే సాధుజీవి. కలుగు ముందు ఎండ కాగుతూ పడుకుంది. నా నీడ పడగానే చటుక్కున లోపలికి దూరి, తోకతో ద్వారం మూసేసింది. దాని కొవ్వులోంచి తీసే నూనెకు లేనిపోని మహిమలు అంటగట్టి మనుషులు దాన్ని చంపుతారు. గద్దలకు, డేగలకు కూడా అది ఆహారమే. తరవాత ఒక నక్క వచ్చింది. తోక చివర తెల్లగా, ముఖం మీద ఏదో పాత పరిచయం ఉన్నట్టు నావైపు చూసి, నాలో ఆసక్తికరమైనదేమీ లేదని నిర్ధారించుకుని వెళ్ళిపోయింది. రెండు చింకారాలు జిల్లేడు పొదల వెనక నిలబడి తోకలు ఆడించాయి. ఇవి నీళ్ళు తాగకుండా చాలా రోజులు ఉండగలవు, ఆకుల్లోని తేమే వాటికి చాలు. వాటి నడకలో కృష్ణజింక దర్పం లేదు, ఆ మాటకొస్తే దాని తొందరా లేదు.

గోడావణ్ సుదాసరీ దగ్గర కనిపించింది. అటవీశాఖ కంచె వేసి కాపాడుతున్న గడ్డినేల అది. పొద్దు వాలుతుండగా మాతో వచ్చిన గార్డు చేయి చాపాడు. ముందు నాకేమీ కనబడలేదు. దుర్భిణిలోంచి చూస్తే గడ్డిమీద తెల్లని పొడుగాటి మెడ, నెత్తిమీద నల్లని టోపీ. రెండు పక్షులు. అవి మమ్మల్ని చూశాయి. పరుగెత్తలేదు. తల పైకెత్తి, ఒక్కొక్క అడుగూ తూచి వేస్తూ నడుచుకుంటూ పోయాయి. జేజినాయన చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా. ఇరవై నిమిషాలు చూసి ఉంటాను. నాతో ఎవరూ మాట్లాడకపోవడం మంచిదైంది.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఈ పక్షులు దేశం మొత్తంమీద 150కి మించి లేవని గత కొన్నేళ్ళ అంచనాలు. 1969లో వెయ్యికి పైగా ఉండేవని అంచనా వేశారు. ఉన్నవాటిలో అత్యధికభాగం ఈ థార్‌లోనే. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేలమీద. వేట, కుక్కలు, పొలాల విస్తరణ, పురుగుమందులు అన్నీ కలిసి దాన్ని ఇక్కడిదాకా తెచ్చాయి. ఇప్పుడు మిగిలినవాటిని తీగెలు చంపుతున్నాయి. కారణం దాని కళ్ళలో ఉంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటంవల్ల నేలనూ, పక్కలనూ బాగా చూస్తుంది, ఎదురుగా ఉన్నదాన్ని సరిగా చూడలేదు. తీగె దగ్గరపడ్డాక చూసినా అంత బరువైన ఒంటిని చటుక్కున పక్కకు తిప్పుకోలేదు. విద్యుదాఘాతం కూడా అవసరం లేదు, ఢీకొన్న దెబ్బే చాలు. థార్‌లోని సుమారు 4,200 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఏటా 84,000 దాకా అన్నిరకాల పక్షులు తీగెలకు తగిలి చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. నేను చూసిన రాబందు ఆ లెక్కలో ఒకటి.

ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1972 వన్యప్రాణి చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్న ఎం.కె. రంజిత్‌సింహ్ వేసిన వ్యాజ్యం మీద, సాధ్యమైన చోటల్లా తీగెల్ని భూగర్భంలో వేయాలని 2021 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. అంత విశాలమైన ప్రాంతంలో, అంత వోల్టేజి తీగెల్ని పాతడం సాధ్యం కాదని, సౌరవిద్యుత్తు దెబ్బతింటుందని ప్రభుత్వం వాదించింది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల సంఘాన్ని వేసింది. వాతావరణమార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అని గుర్తించిన తీర్పు కూడా అదే. 2025 డిసెంబరులో ఆ సంఘం సిఫారసుల ఆధారంగా మరికొన్ని ఆదేశాలు వచ్చాయి.

నేను సౌరవిద్యుత్తుకు వ్యతిరేకిని కాను. ఈ అక్షరాలు కొడుతున్న కంప్యూటరుకు వచ్చే కరెంటులో ఎంతో కొంత అటువంటి చోటు నుంచే వస్తూ ఉండవచ్చు. బొగ్గు తవ్వితే అడవి పోతుంది, ఆనకట్ట కడితే లోయ పోతుంది. ఇవేవీ తెలియని అమాయకత్వం నాకు లేదు. "పక్షా, కరెంటా" అని అడిగేవారితో మాత్రం నాకు పేచీ ఉంది. ప్రశ్న అది కాదు. ఇన్నివేల ఎకరాల పలకలను, ఇన్ని వరసల తీగెలను ఎక్కడ పెట్టాలో నిర్ణయించినప్పుడు ఆ నేలను ఏమని రాసుకున్నారు అన్నది నా ప్రశ్న. బంజరు అని రాసుకున్నారు. ఏమీ లేని చోట ఏదైనా పెట్టుకోవచ్చు కదా!

ఈ బంజరు అనే మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. తెల్లదొరల రెవెన్యూ లెక్కల్లో శిస్తు రాని నేలంతా పనికిరాని నేలే. మన పోరంబోకు కూడా అటువంటిదే. తమిళం నుంచి వచ్చిన ఆ మాటకు పన్ను లెక్కకు బయట ఉన్న నేల అని అర్థం. ఊరందరి పశువులూ మేసే నేల, చెరువుగట్టు, శ్మశానం, వాగు ఒడ్డు అన్నీ అందులోకే వస్తాయి. చివరికి పనీపాటా లేని మనిషిని తిట్టడానికి వాడుకుంటున్నాం. నేలను తిట్టి, ఆ తిట్టుతో మనిషిని తిట్టడం మనకే చెల్లింది. హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్ళ పేర్లకు ముందుండే 'కంచ' అనే మాటకు అర్థం పశువులు మేసే బీడు. 2025లో కంచ గచ్చిబౌలి మీద గొడవ జరిగినప్పుడు ఎంతమంది ఆ మాట అర్థం వెతికి చూశారో!

రాజస్థాన్ పల్లెల్లో దీనికి విరుగుడుగా ఇంకొక మాట ఉంది. ఓరణ్. అరణ్యం నుంచి పుట్టిన మాట. దేవుడి పేరనో, వీరుడి పేరనో విడిచిపెట్టిన నేల. అక్కడ పశువులు మేయవచ్చు, చెట్టు మీద గొడ్డలి వేయకూడదు. జైసల్మేరు దగ్గరి దెగ్‌రాయ్ మాత ఓరణ్ గుండా తీగెలు వేసినప్పుడు ఆ పల్లెలవాళ్ళు అభ్యంతరం చెప్పారు. వాళ్ళు పర్యావరణవేత్తలమని చెప్పుకోరు, పశువులు కాచుకునేవాళ్ళు. ఆ నేల ఖాళీగా లేదని వాళ్ళకు తెలుసు, ఎందుకంటే వాళ్ళ ఆవులు అందులో ఉన్నాయి. ఓరణ్‌లను సర్వే చేసి అడవులుగా గుర్తించమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజస్థాన్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. బికనేరు ప్రాంతంలో సౌరపలకల కోసం ఖేజ్డీలు కొడుతున్నారని జనం ధర్నాలకు కూర్చున్నారు. ప్రపంచంలోని ఎడారులలో థార్‌లో ఉన్నంత జనసాంద్రత మరెక్కడా లేదు. అటువంటి చోటును నిర్జనమని ఎలా అనగలిగామో నాకు అర్థం కాదు.

పోనీ, పచ్చగా చేద్దామని పూనుకున్నవాళ్ళైనా మేలు చేశారా అంటే అదీ లేదు. మన సర్కారుతుమ్మ అక్కడా పాకింది. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దాన్ని రాజవృక్షమని ప్రకటించి మరీ పెంచింది. కాలువ నీళ్ళు వచ్చిన చోట సేవణ్ గడ్డిని దున్ని గోధుమ వేశారు. చెట్టు నాటడం పుణ్యమని మనకు చిన్నప్పటినుంచి నూరిపోశారు కానీ, గడ్డినేలలో చెట్టు నాటడం గోడావణ్ ఇంటిలో గోడ కట్టడమే. అది చాలాదూరం చూడగలిగే బయలు ఉంటే తప్ప నిలవదు.

కృత్రిమ సంతానోత్పత్తి కేంద్రాలు సమ్‌లో, రామ్‌దేవ్‌రాలో నడుస్తున్నాయి. అడవిలోంచి తెచ్చిన గుడ్లను అక్కడ పొదిగిస్తున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా ఒక పిల్ల పుట్టింది. ఈ జాతిలో ఇటువంటిది ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ పని చేస్తున్నవారికి నా నమస్కారం. కానీ ఆ పిల్లలు పెరిగి పెద్దవై రేపు బయటికి వచ్చాక ఎగరవలసింది ఆ తీగెల మధ్యనే కదా. ముఖ్యమైన చోట్ల తీగెల్ని భూమిలో వేయడానికో, చుట్టూ తిప్పి తీసుకుపోవడానికో అయ్యే ఖర్చు నా కరెంటు బిల్లులో యూనిట్‌కు కొన్ని పైసలుగా కలిపినా నేను కట్టడానికి సిద్ధం. ఆ ఖర్చు ఇప్పుడూ ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు, ఆ రాబందులాంటివారు.

ఇదంతా రాజస్థాన్‌వాళ్ళకు బుద్ధి చెప్పడానికి రాయలేదు. చెప్పే అర్హత మనకు అసలే లేదు. 1979లో కర్నూలు జిల్లా రోళ్ళపాడు దగ్గర బట్టమేకపిట్టలు ఉన్నాయని వెలుగులోకి వచ్చింది. 1980లలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారు అక్కడ మకాం వేసి అధ్యయనం చేశారు. 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. రక్షణ దొరకడంతో కృష్ణజింకలు బాగా పెరిగి, చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. పంట పోయిన రైతుకు పరిహారం సరిగా అందకపోతే కోపం ఎవరిమీదికి పోతుంది? అభయారణ్యం మీదికి, దానికి కారణమైన పిట్ట మీదికి. కాలువలు వచ్చాయి, చిరుధాన్యాలు పోయి వేరే పైర్లు వచ్చాయి. బయలు ముక్కలైంది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆ రోళ్ళపాడులో బట్టమేకపిట్ట స్థిరంగా ఉంటున్న దాఖలా చాలా ఏళ్ళుగా లేదు. అక్కడికి ఎంతో దూరం లేని గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌరపార్కు ఉంది. అది వచ్చేనాటికే పిట్ట దాదాపు పోయింది కాబట్టి తప్పు పార్కుది అనను. మనం థార్ కన్నా ఓ ముప్ఫై ఏళ్ళు ముందే ఆ పని పూర్తిచేశామని మాత్రం అంటాను.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు అడిగాడు, మీ దేశంలో గోడావణ్ ఉందా అని. ఉండేదని చెప్పాను. ఏమైంది అని అడిగాడు. కాసేపు ఆలోచించి, కాలువ సంగతి, జింకల సంగతి, పంటల సంగతి నా విరిగిన హిందీలో చెప్పాను. ఆయన తల ఊపి, "అంటే తీగెలు లేకుండానే పోయిందన్నమాట" అన్నాడు.

చదువరులకు ఒక మనవి. మీలో నందికొట్కూరు, ఆత్మకూరు, ఓర్వకల్లు, మిడుతూరు వైపువారు ఉంటే, మీ ఇళ్ళలో డెబ్భై ఎనభై ఏళ్ళవారు ఉంటే, ఈ పిట్టను ఎక్కడ చూశారో, ఏ చేలో, ఏ నెలలో, ఎన్ని చూశారో అడిగి రాసిపెట్టండి. వాళ్ళు దాన్ని వేరే పేరుతో పిలిచేవారేమో అది కూడా రాయండి. మా జేజినాయనను నేను అడగలేదు. ఆయన చెప్పిన ఆ ఒక్క వాక్యమే నా దగ్గర ఉంది. వచ్చే జనవరిలో రోళ్ళపాడు వెళుతున్నాను, గడ్డి ఎంత మిగిలిందో చూడటానికి. తోడు వచ్చేవారుంటే ఒక ఉత్తరం ముక్క రాయండి, జీపులో ఇంకో ఇద్దరికి చోటుంది.